పాఠకుల ప్రశ్నలు: ఒకేలా కనిపించే మన అడవి ఆర్కిడ్లు

గత సంచికలో మామిడి కొమ్మ మీద పూసిన వదనిక పూల చిత్రం వేసి, తూర్పు కనుమల్లో పెరిగే ఆర్కిడ్ల గురించి నాలుగు మాటలు రాసిన తర్వాత పాఠకుల నుంచి ఉత్తరాలూ ఫోటోలూ చాలా వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: "మా దగ్గర ఉన్నదీ ఇదేనా?" వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. ఫోటో చూడని పాఠకులకు కూడా అర్థం కావాలన్న ఉద్దేశంతో మొక్కల వర్ణన కొంత విపులంగా రాశాను.

ప్రశ్న: మా ఊరి పొలిమేరలో ఒక ముసలి ఇప్పచెట్టు మీద మూడు రకాల మొక్కలు ఉన్నాయి. మూడింటి ఆకులూ పట్టీల్లా పొడవుగా, కొసన ఎవరో కొరికినట్టు ఉంటాయి. మా నాన్నగారు మూడింటినీ వదనిక అనే అంటారు. కానీ ఒకదాని పూలు గోధుమరంగు గళ్ళతో పెద్దవిగా, ఇంకొకదానివి పసుపు రంగులో చిన్నవిగా, మూడోదానివి ఆకు మొదట్లో గుత్తిగా ముడుచుకుని ఉంటాయి. ఇవి ఒకే మొక్కలో రకాలా, వేరువేరు మొక్కలా? (ఉపాధ్యాయురాలు, రంపచోడవరం)

జవాబు: మీ నాన్నగారి మాటను తప్పనడానికి లేదు. పల్లెల్లో మొక్కకు పేరు దాని వాడుకను బట్టి, అది పెరిగే చోటును బట్టి వస్తుంది. మాను మీద బతికే మొక్కలను కలిపి వదనిక అనీ బదనిక అనీ పిలవడం మన దగ్గర పాత అలవాటే. సంస్కృతంలోని "వందా" కూడా అలాంటి మాటే. 18వ శతాబ్దం చివరలో సంస్కృతం నేర్చిన ఇంగ్లీషు పండితుడు సర్ విలియం జోన్స్ దాన్ని తీసుకోవడంతో అది "వాండా" అనే ప్రజాతి నామమై ప్రపంచమంతా తిరిగింది. అయితే మీ వర్ణనను బట్టి ఆ ఇప్పచెట్టు మీద ఉన్నవి మూడు వేరువేరు జాతులు. రెండు వాండాలు, ఒకటి అకాంపే.

వేరు చేయడానికి ముందు పువ్వును ఎలా చూడాలో చెప్పాలి. ఆర్కిడ్ పువ్వులో బయట మూడు రక్షక పత్రాలు, లోపల మూడు రేకులు ఉంటాయి. లోపలి మూడింటిలో ఒకటి మిగతా రెండింటిలా ఉండదు. ఆకారం, రంగు, మందం అన్నీ మారి, వచ్చే పురుగు వాలడానికి అరుగులా ముందుకు చాచుకుని ఉంటుంది. దాన్ని పెదవి అంటాం. పెదవి కింద చాలా జాతుల్లో ఒక సంచి గాని, సన్నని తేనె గొట్టం గాని ఉంటుంది. పువ్వు నడుమ కేసరమూ కీలమూ కలిసిపోయి ఒకే చిన్న స్తంభంగా నిలబడతాయి. ఆర్కిడ్లను గుర్తుపట్టేటప్పుడు నేను మొదట చూసేది పెదవిని, తర్వాత దాని వెనకనున్న సంచిని, ఆ తర్వాతే మిగతా రేకులను. రంగును అన్నిటికన్నా చివర చూస్తాను, ఎందుకంటే రంగు నమ్మదగిన సాక్షి కాదు.

మీరు చెప్పిన గళ్ళ పువ్వు వాండా టెస్సెల్లేటా. టెస్సెల్లా అంటే లాటిన్‌లో నేల మీద పరిచే చిన్న చదరపు బిళ్ళ, కాబట్టి పేరులోనే గళ్ళు ఉన్నాయి. పువ్వు అడ్డంగా నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది. రేకుల అంచులు అలలు తిరిగి, పసుపు పచ్చని నేల మీద గోధుమరంగు గీతలు నిలువునా అడ్డంగా అల్లుకుని వలలా కనిపిస్తాయి. అదే రేకును వెనక్కి తిప్పి చూస్తే దాదాపు తెల్లగా ఉంటుంది. పెదవి నీలం కలిసిన ఊదారంగులో కండగా ఉండి, నడిమి భాగం నడుము దగ్గర సన్నబడి ఫిడేలు ఆకారాన్ని గుర్తుకు తెస్తుంది. ఒక కాడకు అయిదు నుంచి పది పూల వరకు వస్తాయి, మంచి వాసన కూడా ఉంటుంది. ఈ జాతిలో నేల రంగు ఒక చెట్టు మీద పసుపుగా, మరో చెట్టు మీద ముదురు గోధుమగా, ఇంకోచోట బూడిద రంగు కలిసి ఉంటుంది. అది చూసి మూడు జాతులు అనుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మూడింటి పెదవులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

రెండోది, పసుపు రంగు చిన్న పూలది, వాండా టెస్టాసియా. దీని పువ్వు వెడల్పు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు మాత్రమే. రేకుల మీద గళ్ళు ఉండవు, ఎండుగడ్డి పసుపులో సాదాగా ఉంటాయి. పెదవి మాత్రం లేత నీలి ఊదా. ఆకులు మొదటిదానికన్నా సన్నగా ఉండి బయటికి వంగుతాయి. ఫోటోలో పరిమాణం తెలియదు కాబట్టి, ఈ రెండింటిని ఫోటోలో కలగాపులగం చేసే ప్రమాదం ఉంది. గళ్ళు ఉన్నాయా లేవా అన్నది చూసుకుంటే ఆ పొరపాటు జరగదు.

మూడోది అకాంపే ప్రీమోర్సా. దీని పూలకాడ చాలా పొట్టి, మూడు నాలుగు సెంటీమీటర్లకు మించి పెరిగేది అరుదు. అందుకే పూలు ఆకు మొదట్లో గుత్తిగా ముడుచుకున్నట్టు మీకు కనిపించాయి. పసుపు రేకుల మీద ఎరుపు కలిసిన గోధుమ చారలు ఉంటాయి, కానీ అవి అడ్డంగా మాత్రమే పోతాయి. నిలువు గీతలు లేవు కాబట్టి గళ్ళు ఏర్పడవు. పెదవి తెల్లగా, ఊదా చుక్కలతో, భూతద్దం పెట్టి చూస్తే సన్నని గరుకుతో ఉంటుంది. అకాంపే అన్న మాటకు గ్రీకులో మూలార్థం "వంగనిది". ఒక వాన వెలిసిన ఉదయం మారేడుమిల్లి దారిలో విరిగిపడిన కొమ్మ మీద ఈ మొక్క, గళ్ళ వాండా జానెడు దూరంలో కలిసి దొరికాయి. వాండా రేకును వేలితో మెల్లగా వంచితే వంగింది. అకాంపే రేకు అప్పడం ముక్కలా పుటుక్కున విరిగింది. తడిసిన వేళ్ళు మాత్రం రెండింటివీ ఒకేలా ఉన్నాయి. పొడిగా ఉన్నప్పుడు సున్నం పూసినట్టు తెల్లగా ఉండే వేళ్ళు వాన నీటికి లేత ఆకుపచ్చకు తిరిగాయి. వేరు చుట్టూ ఉన్న దూదిలాంటి పొర నీటిని పీల్చుకుని పారదర్శకం కావడంతో లోపలి పచ్చదనం బయటపడుతుంది.

పూలు లేనప్పుడు ఎలా అని మీరు తర్వాత తప్పకుండా అడుగుతారు. కొస కొరికినట్టు ఉండటం ఈ మూడింటికీ సమానమే, అందువల్ల ఆ గుర్తు ఇక్కడ పనికిరాదు. ప్రీమోర్సా అంటే "కొస కొరికినది" అని అర్థం ఉన్నా, అది ఒక్క ఆ మొక్క సొత్తు కాదు. ఆకు మందం చూడండి. అకాంపే ఆకు చెప్పుతోలులా దళసరిగా, బిరుసుగా ఉంటుంది; గళ్ళ వాండా ఆకు నడుమ లోతైన కాలువతో మడతపడి, విల్లులా వంగి ఉంటుంది. పోయిన ఏటి ఎండిన పూలకాడలు మొక్క మీద మిగిలి ఉంటే వాటి పొడవును చూడండి: పొట్టి మొద్దుల్లా ఉంటే అకాంపే, జానెడు ఉంటే వాండా. అయినా పువ్వు చూడకుండా తుది మాట చెప్పవద్దని నా సలహా.

మరో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మన నేలకు సంబంధించినది. ఈ మూడింటిలో మొదటిదానికీ మూడోదానికీ శాస్త్రీయ నామం మొదట పెట్టినవాడు స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళేముందు ఆయన సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను స్థానిక చిత్రకారులతో గీయించాడు. 1795లో వెలువడిన ఆయన గ్రంథం మొదటి సంపుటంలోనే గళ్ళ వాండా, అకాంపే రెండూ ఉన్నాయి. అప్పట్లో చెట్ల మీది ఆర్కిడ్లను చాలావరకు ఎపిడెండ్రం అనే ఒకే ప్రజాతిలో వేసేవారు, అంచేత ఆయన కూడా రెండింటినీ అందులోనే చేర్చాడు. అంటే మీ నాన్నగారు ఒకే పేరు కింద పెట్టినట్టే ఆనాటి శాస్త్రమూ పెట్టింది. తేడా ఏమిటంటే, రాక్స్‌బర్గ్ వాటిని రెండు జాతులుగా విడగొట్టి చూపించాడు.

ప్రశ్న: మామిడి తోటలో కొన్ని చెట్ల మీద బదనిక పట్టింది. చెట్టు రసం పీలుస్తుందని కూలీలను పెట్టి కొట్టించేశాను. మీ చిత్రం చూశాక, కొట్టించినవాటిలో ఈ ఆర్కిడ్లు కూడా ఉన్నాయేమోనని అనుమానం వచ్చింది. ఆర్కిడ్ కూడా చెట్టుకు చేటు చేస్తుందా? (రైతు, నర్సీపట్నం)

జవాబు: చేయదు. బదనిక అన్న ఒక్క పేరు కింద రెండు పూర్తిగా వేరైన మొక్కలు ఉండటం వల్ల మీలాగే ఎందరో రైతులు ఆర్కిడ్లను నరికించారు, ఆ సంగతి తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. రసం పీల్చే అసలు బదనిక డెండ్రాఫ్తి ఫాల్కాటా. దాని పండులోని జిగురు విత్తనాన్ని చిన్న పిట్టలు కొమ్మకు అంటిస్తాయి. అది మొలిచి, బెరడు చీల్చుకుని కొమ్మలోకి వేరు దించి, నీటినీ లవణాలనూ తీసుకుంటుంది. దాన్ని తీయించడం న్యాయమే.

ఆర్కిడ్ వేళ్ళు బెరడును పట్టుకుంటాయే గాని లోపలికి దిగవు. వాన నీరు, మంచు, బెరడు పగుళ్ళలో చేరిన దుమ్ము, కుళ్ళిన ఆకులు వాటికి ఆహారం. పాఠ్యపుస్తకాల్లో వీటిని వృక్షోపజీవులు అంటారు, పరాన్నజీవులు అనరు.

గుర్తు చాలా సులువు. కొమ్మకు మొక్క అతుక్కున్న చోట చూడండి. అక్కడ కొమ్మ ఉబ్బి గడ్డకట్టి, మొక్క కాడ ఆ గడ్డలోంచి పొడుచుకొచ్చినట్టు ఉంటే అది పీల్చే బదనిక. పెన్సిల్ మందాన తెల్లని వేళ్ళు బెరడు మీద పాకుతూ, కొన్ని గాలిలో వేలాడుతూ ఉంటే అది ఆర్కిడ్. ఆకులో ఈనెలు వలలా చీలిపోతే బదనిక, కొస దాకా నిలువుగా సాగితే ఆర్కిడ్. ఈసారి కూలీలకు కత్తి ఇచ్చేముందు ఆ తెల్లని వేళ్ళను ఒక్కసారి చూపించండి. ఒకసారి చూస్తే వాళ్ళు మరచిపోరు.

ప్రశ్న: వేసవి చివర అరకు వైపు వెళ్ళినప్పుడు చెట్ల మీంచి గులాబీ రంగు పూల జడలు వేలాడుతూ కనిపించాయి. ఒకరు నక్కతోక ఆర్కిడ్ అన్నారు, మరొకరు ఏరిడిస్ అన్నారు. ఎవరి మాట సరైనది? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: మీరు పంపిన ఫోటోలో ఉన్నది రింకోస్టైలిస్ రెట్యూసా. ఇంగ్లీషువాళ్ళు నక్కతోక అన్నది దీన్నే. అస్సాంలో దీని పేరు కపౌ ఫూల్; అక్కడి స్త్రీలు వసంతకాలపు పండుగ రంగాలి బిహు నాడు కొప్పులో తురుముకుని ఆడతారు, ఆ రాష్ట్రానికి రాష్ట్ర పుష్పం కూడా అదే. మన ఏజెన్సీ అడవుల్లోనూ అదే మొక్క పూస్తుందని చాలామందికి తెలియదు.

ఏరిడిస్ మల్టిఫ్లోరా కూడా అదే కాలంలో, అదే రంగులో, దాదాపు అదే పొడవు జడలతో పూస్తుంది. దూరం నుంచి తేడా చెప్పడం కష్టం కాబట్టి పోట్లాడుకున్న ఇద్దరినీ తప్పుపట్టలేం. నక్కతోకలో పూలు కంకిమీది గింజల్లా ఖాళీ లేకుండా బిగుతుగా చుట్టుకుని ఉంటాయి, ఒక్కో జడలో నూరుకు పైగా కూడా ఉండవచ్చు. ఏరిడిస్ జడ కాస్త వదులు. ఇది తొలి అంచనా మాత్రమే. నిర్ధారణ కావాలంటే ఒక్క పువ్వును పక్క నుంచి చూడాలి. ఏరిడిస్‌లో స్తంభం అడుగున పాదంలాంటి భాగం ముందుకు చాచుకుని ఉంటుంది, పెదవి దానికి అతుక్కుని ఉంటుంది, కింది సంచి కొస పువ్వు ముందువైపుకే తిరిగి ఉంటుంది. నక్కతోకలో ఆ పాదం దాదాపు లేనట్టే. సంచి పక్కల నుంచి నొక్కినట్టు ఉండి వెనక్కి పోతుంది. సంచి ముందుకా వెనక్కా అన్న ఈ ఒక్క ప్రశ్నతో సమస్య తేలిపోతుంది. పూలు లేనప్పుడు నక్కతోక ఆకుల మీద నిలువునా సాగే లేత చారలు కొంత సాయం చేస్తాయి.

ప్రశ్న: వానలు పడ్డాక గడ్డిలో నేల మీద పూసే తెల్లని పూలకు వెనక పొడవాటి తోక ఉంటుంది. మా బృందంలో వీటిలో కనీసం మూడు రకాలు చూశామని కొందరు, అన్నీ ఒకటేనని కొందరు అంటున్నారు. (వృక్షశాస్త్ర విద్యార్థిని, తిరుపతి)

జవాబు: ముందు ఆ "తోక" సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు దానిలోనే ఉంది. అది పెదవి అడుగు నుంచి వెనక్కి సాగిన తేనె గొట్టం. తేనె దాని కొసన ఉంటుంది, అంత పొడవు నాలుక ఉన్న రాత్రి చిమ్మటకే అది అందుతుంది. తెల్లని రంగూ చీకటి పడ్డాక పెరిగే పరిమళమూ ఆ చిమ్మట కోసమే. చిమ్మట తల లోపలికి దూర్చినప్పుడు పుప్పొడి ముద్దలు దానికి అంటుకుని తర్వాతి పువ్వుకు చేరతాయి. గొట్టం పొడవు మారితే వచ్చే చిమ్మట కూడా మారవచ్చు. అందువల్ల ఆ పొడవు జాతిని గుర్తించడానికి బలమైన ఆధారం, స్కేలు పెట్టి కొలవవలసిన కొలత.

మీరు పంపిన మూడు ఫోటోల్లో మొదటిది హెబెనేరియా ప్లాంటజీనియా. ఆకులు నేలకు పరిచినట్టు మొదట్లోనే ఉన్నాయి. పెదవి మూడు పాయలై, పక్క పాయలు విసనకర్రల్లా విచ్చుకుని, నడిమి పాయ దారంలా సన్నగా ఉంది. రెండోదానికి ఆకులు మొదట్లోనే ఉన్నా, తేనె గొట్టం అండాశయానికి మూడు నాలుగు రెట్లు పొడవుగా వేలాడుతోంది కాబట్టి అది హెబెనేరియా లాంగికార్నిక్యులేటా. "పొడవైన చిన్న కొమ్ము గలది" అని ఆ పేరుకు అర్థం. మూడోది అసలు ఆ ప్రజాతే కాదు. ఆకులు కాండం పొడవునా ఉన్నాయి, పువ్వు అరచేతిని నింపేంత పెద్దది, పెదవి పక్క పాయలు దువ్వెన పళ్ళలా చీలి ఉన్నాయి. అది పెక్టెయిలిస్ జైగాంటియా. మూడు రకాలన్నవారి మాటే నిజమైంది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. పువ్వుకు కాడలా కనిపించే భాగం చాలావరకు అండాశయమే. అది మెలిపెట్టిన తాడులా తిరిగి ఉంటుంది, ఎందుకంటే మొగ్గలో పైన ఉన్న పెదవి పువ్వు విచ్చేనాటికి కిందికి రావాలంటే అండాశయం అర్ధచుట్టు తిరగాలి. ఆ మెలికను చూసి గుర్తుపట్టి, దాని పొడవుతో గొట్టం పొడవును పోల్చండి.

ప్రశ్న: వెదురు పొదల కింద పూసిన ఒక నేల ఆర్కిడ్ తల వంచుకుని ఉంది. వాడిపోయిందనుకున్నాను, కానీ పూలు తాజాగానే ఉన్నాయి. యూలోఫియా కావచ్చా? (భద్రాచలం పాఠకుడు)

జవాబు: అది జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్. పూసే రోజుల్లో కాడ కొస కొక్కెంలా వంగి పూలగుత్తి నేలను చూస్తుంది, కాయ కట్టాక కాడ నిటారుగా లేస్తుంది. యూలోఫియా కాడ మొదటి నుంచీ నిటారుగానే ఉంటుంది, పూలు దూరం దూరంగా అమరుతాయి, మన దగ్గరి యూలోఫియాలు చాలావరకు ఆకులు లేకుండానో, ఆకులు మొలకెత్తుతుండగానో పూస్తాయి. జియోడోరమ్‌కు పూసేనాటికే మడతలు పడిన వెడల్పాటి ఆకులు ఉంటాయి. జన్యు పరిశీలనల తర్వాత ఇటీవల జియోడోరమ్‌ను యూలోఫియాలోనే కలిపి యూలోఫియా పిక్టా అని రాస్తున్నారు. కాబట్టి మీ ఊహ ఒక విధంగా ఒప్పే, కానీ పాత పుస్తకాల్లో వెతకాలంటే పాత పేరే కావాలి.

ప్రశ్న: వదనిక వేళ్ళే ఆయుర్వేద మందు రాస్నా అని, కీళ్ళ నొప్పులకు మంచిదని అంటారు. అడవి నుంచి తెచ్చుకుని ఇంటి చెట్టుకు కట్టుకోవచ్చా? (కర్నూలు పాఠకురాలు)

జవాబు: రాస్నా పేరుతో దేశంలో వేరువేరు మొక్కలు అమ్ముడవుతున్నాయి. ఆయుర్వేద ఫార్మకోపియా గుర్తించిన రాస్నా ప్లూకియా లాన్సియోలేటా, అది ఆర్కిడ్ కాదు. దక్షిణాదిన ఎక్కువగా దుంపరాష్ట్రాన్ని వాడతారు. తూర్పు రాష్ట్రాల్లో గళ్ళ వాండా వేళ్ళనూ, దానితో కలిపి అకాంపే వేళ్ళనూ అమ్ముతారు. ఎండిన వేళ్ళ కట్టను చూసి అది ఏ మొక్కదో కంటితో చెప్పలేం, కాబట్టి సంతలో కొన్న వేళ్ళను మందుగా వాడవద్దు. వైద్యుడి దగ్గరికే వెళ్ళండి.

తెచ్చుకోవద్దని కూడా గట్టిగానే చెబుతున్నాను. రిజర్వు అడవి నుంచి మొక్కలు తీయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటిస్ అనుబంధాల్లో ఉంది. చట్టం మాట అటుంచినా, ఆర్కిడ్ విత్తనం పిండిలా నలుసంత ఉంటుంది, దానిలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. సరైన శిలీంధ్రం తోడు దొరికితేనే మొలకెత్తుతుంది. ఒక కాయలో వేల విత్తనాలున్నా మొక్కలయ్యేవి కొన్నే. మీరు ఊడదీసే మొక్క పూత వయసుకు రావడానికి ఏళ్ళు పట్టి ఉంటుంది. నర్సరీల్లో ప్రయోగశాల మొలకలతో పెంచిన వాండాలు దొరుకుతాయి, అవి కొనుక్కోండి. గాలివానకు విరిగి రోడ్డు మీద పడిన కొమ్మ మీద మొక్క కనిపిస్తే అటవీ సిబ్బందికి చెప్పి, దగ్గరి చెట్టుకే పీచుతాడుతో కట్టించండి.

ప్రశ్న: గుర్తుపట్టడానికి ఫోటోలు పంపాలంటే ఎలా తీయాలి? (పలువురు పాఠకులు)

జవాబు: పువ్వును ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీయండి, సంచి గాని గొట్టం గాని పక్క నుంచే తెలుస్తుంది. రేకు వెనకవైపు ఒకటి, ఆకు కొస ఒకటి, మొత్తం మొక్క చెట్టుకు అతుక్కున్న చోటుతో కలిపి ఒకటి ఉండాలి. పక్కన స్కేలు గాని రూపాయి బిళ్ళ గాని పెట్టండి. పువ్వును తెంపనక్కర్లేదు. చెట్టు పేరు, చూసిన తేదీ, ఊరి పేరు రాయండి. ఎక్కువమంది చూసే చోట ఫోటో పెట్టేటట్టయితే చెట్టున్న స్థలాన్ని మాత్రం కచ్చితంగా చెప్పకండి, మొక్కలు అమ్ముకునేవాళ్ళు కూడా అవి చూస్తారు.

రంపచోడవరం ఉపాధ్యాయురాలికి ఒక విన్నపం. మీ ఇప్పచెట్టు మీది గళ్ళ వాండా కాయ పట్టితే దాని పొడవు కొలిచి పంపండి. అకాంపే కాయ కూడా దొరికితే రెండింటి ఫోటోలనూ పక్కపక్కన వచ్చే సంచికలో వేస్తాం.